గునుగు గట్టు, గేటు తాళం

శంషాబాద్ నుంచి లోపలికి వెళ్లే మట్టిదారి పక్కన మాకు కొంచెం చెలక ఉండేది. ఎర్రమట్టి నేల. వాన బాగా పడితే జొన్న, పడకపోతే ఆముదం. రెండుసార్లు బోరు వేస్తే రెండుసార్లూ దుమ్మే లేచింది. మా మామ దవాఖాన పాలైన ఏడాది ఆ చెలకను పట్నంలో ఉద్యోగం చేసే ఒక సారుకు అమ్మేశాం. సారుది గోదావరి వైపు. చిన్నప్పుడు వదిలేసి వచ్చిన పొలం మీద ఆయనకు ఇంకా బెంగ తీరలేదు. ఆదివారం ఆదివారం భార్యనూ పిల్లలనూ తీసుకుని వచ్చేవాడు. నెత్తిన టోపీ పెట్టుకుని సాయంత్రం దాకా మట్టిలో తిరిగి, కాళ్లు కడుక్కుని వెళ్లిపోయేవాడు. వాళ్లు దాన్ని తోట అనేవాళ్లు. మేము చెలక అనేవాళ్లం. కొన్నాళ్లకు మా నోటికి కూడా తోట అనే వచ్చింది.

సారు వేయించిన బోరులో నీళ్లు పడ్డాయి. మేము వేసిన చోటికి నాలుగు బారల అవతల. ఆ రోజు నా పెనిమిటి గట్టు మీద కూర్చుని, పైకి చిమ్ముతున్న నీళ్లను చూస్తూ బీడీ మీద బీడీ కాల్చాడు. సారు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన భుజం తట్టి, "చూశావా, నీళ్లు!" అన్నాడు. పాపం ఆయనకు తెలియదు, మేము ఆ నీళ్ల కోసం ఏం చేశామో.

అమ్మిన తర్వాత కూడా మేము అక్కడే ఉన్నాం. గేటు పక్కన ఒక గది కట్టించి మమ్మల్ని కాపలా ఉండమన్నారు. మంచివాళ్లు. ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నేను రాయబోయేదాంట్లో వాళ్లు చేసిన తప్పు ఏమీ లేదు. సారు తన ఊరి నుంచి కొబ్బరి మొక్కలు తెచ్చి ఆ మొరంలో నాటించాడు. అవి చావలేదు, పెరగలేదు. ఆయన ప్రతి ఆదివారం వాటి దగ్గర నిలబడి ఆకులు నిమిరేవాడు. అమ్మ, అంటే సారు భార్య, గులాబీలు పెట్టించింది. ఒక ఆవు, కొన్ని కోళ్లు, నాలుగు జామచెట్లు, నిమ్మ, సపోటా. కోళ్లను గంప కింద పెట్టేది నేను. ఆవు పాలు పిండి క్యానులో పోసేది నేను. వచ్చిన చుట్టాల పిల్లల కాళ్లకు నీళ్లు పోసేది కూడా నేనే.

ఆ చెలకకు పల్లపు వైపు ఒక గట్టు ఉంది. వానలు వెనక్కి తగ్గే రోజుల్లో, భాద్రపదం చివర, ఆ గట్టు పొడుగునా గునుగు పూసేది. తెల్లగా, చివర కొంచెం గులాబీ రంగు అద్దినట్టు. పక్కనే తంగేడు. మా అత్త బతికి ఉన్నన్ని రోజులూ పెత్రమాస పొద్దున, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యనాడు, మా వాడ ఆడవాళ్లంతా గంపలు పట్టుకుని ఆ గట్టుకే వచ్చేవాళ్లు. పువ్వు కోసుకోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు. మా దగ్గర అది పద్ధతి. బతుకమ్మ రోజుల్లో పువ్వు ఎవరి చేన్లో ఉన్నా అందరిదీ. జొన్నకంకి ముట్టుకుంటే తగాదా అవుతుంది కానీ గునుగు ముట్టుకుంటే ఏమీ కాదు. మా అత్త మాత్రం గట్టు మీద నిలబడి, "కొయ్యుండ్రి, కొయ్యుండ్రి, మా గట్టు పువ్వు లేకుంటే మీ బతుకమ్మలు బోడిగుంటయి" అని గొప్పలు పోయేది. వాళ్లు నవ్వేవాళ్లు.

మేము అమ్మిన మొదటి ఏడాది కూడా వాళ్లు వచ్చారు. ఎప్పట్లాగే గంపలతో. ఆ పొద్దున సారు వాళ్ల చుట్టాలు ఎవరో ముందురోజే వచ్చి తోటలో నిద్ర చేశారు. నేను గేటు దగ్గరి నల్లా కింద కూర్చుని వాళ్ల గిన్నెలు తోముతున్నాను. తల ఎత్తితే గేటు అవతల మా వాడ ఆడవాళ్లు. నా చేతులకు మసి. నా వెనక, నా మామ దున్నిన చోట, ఎవరో పిల్లవాడు బంతి ఆడుతున్నాడు. వాళ్లు నన్ను చూశారు. ముందు నిలబడిన నా యారాలు, మా బావ భార్య, చూపు తిప్పుకుంది. ఏదైనా మాట అని ఉంటే బాగుండేది.

నేను లేచి గేటు దాకా పోయాను. గడియ తీయడానికే పోయాను. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సారోళ్లు ఎవ్వరినీ లోపటికి రానియ్యద్దన్నరు."

సారు అలా ఎప్పుడూ అనలేదు. మేకలు రాకుండా గేటు దగ్గరికి వేసి ఉంచమన్నాడు, అంతే. వాళ్లు గంపలు చంక మార్చుకుని గుట్ట వైపు వెళ్లిపోయారు. గుట్ట చాలా దూరం. రాళ్ల మధ్య ఏరుకోవాలి. మర్నాడు నేను శంషాబాద్ పోయి ఒక తాళం కొనుక్కొచ్చాను. తాళంచెవి బొడ్డు దగ్గర దోపుకున్నాను. ఆదివారాలు సారు వాళ్లు వచ్చేసరికి తాళం తీసే ఉంచేదాన్ని. నా పెనిమిటి చూసి, "ఇదెందుకే?" అన్నాడు. "కుక్కలు వస్తున్నయి" అన్నాను.

ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ నేను బతుకమ్మ ఆడలేదు. ఒంట్లో బాగా లేదన్నాను ఒకసారి. ఇంకోసారి ఆవు ఈనేటట్టు ఉందన్నాను. సాయంత్రాలు కుంట వైపు నుంచి పాట వినిపించేది. ఆవుకు గడ్డి వేస్తూ వినేదాన్ని. గట్టు మీద గునుగు పూసి, ముదిరి, గింజ రాలి, ఎండిపోయేది.

మూడో ఏడాది, పెత్రమాసకు ముందు ఆదివారం, అమ్మ గట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. సారు గునుగును కలుపు అనుకుని పీకించేద్దామంటే అమ్మే ఆపింది. ఒక కంకి తుంచి బుగ్గకు రాసుకుని నన్ను పిలిచింది.

"ఏమ్మా, దీంతోనేగా మీరు బతుకమ్మ చేస్తారు?"

"అవునమ్మా."

"మా వైపు లేదిది. ఇన్నేళ్లుగా హైదరాబాదులో ఉన్నాను, ఒక్కసారి కూడా దగ్గరుండి చూడలేదు. ఒక పని చేద్దామా? వచ్చే ఆదివారం మా కాలనీ వాళ్లని నలుగురైదుగురిని తీసుకొస్తాను. నువ్వు మీ ఊరి ఆడవాళ్లని పిలువు. ఇక్కడే ఆడుకుందాం. అందరికీ పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ పెడతాను. భోజనం కూడా ఇక్కడే. నువ్వు నాకు పేర్చడం నేర్పించాలి, ఏం?"

ముఖం వెలిగిపోతూ అడిగింది. నేను "సరేనమ్మా" అన్నాను. అన్న తర్వాత కొంగు కింద వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాను. పెత్రమాస మంగళవారం. అంటే ఆదివారం ఆరో రోజు.

ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజు మేము పువ్వు పేర్చం, ఆడం, పాడం. ఎప్పుడో ఎవరో తెలియక బతుకమ్మకు నీసు, అంటే మాంసం, తగిలించారని, అప్పటి నుంచి ఆమె ఏడాదికి ఒకరోజు అలుగుతుందని మా అత్త చెప్పేది. మా ఊళ్లో నడక నేర్చిన పిల్లకు కూడా ఇది తెలుసు. నాకు తెలుసు. అమ్మ కారు ఎక్కుతుంటే డోరు పట్టుకుని నిలబడ్డాను కూడా. చెప్పలేదు.

ఆ సాయంత్రం నా పెనిమిటి రొట్టె తింటూ, "ఆదివారమా? గా దినం బతుకమ్మ అలుగుతది గదనే" అన్నాడు.

"ఎరుకే."

"మరి చెప్పరాదు?"

"ఏమని చెప్పాలె? పువ్వులు అలిగినయి, ఇంకో దినం రాండ్రి అనా?"

"గట్లనే చెప్పు. ఉన్నదే గద."

"నువ్వు చెప్పు పో సారుకు."

"నేనెందుకు చెప్తా? సరేనమ్మా అన్నది నేనా, నువ్వా?" అని నీళ్లు తాగి లేచి బయటికి వెళ్లాడు.

నా భయం ఒకటి కాదు, రెండు. అమ్మకు నిజం చెబితే ఆమె నవ్వుతుందేమోనని ఒకటి. పెద్దగా కాదు, మర్యాదగా, పెదవి చివర. చదువుకున్నవాళ్లు మా మాటలకు నవ్వే నవ్వు నాకు తెలుసు. రెండోది ఇంకా పెద్దది. ఆడవాళ్లు లోపలికి వస్తే అమ్మ ఎదురుగా నిలబడతారు. ఎదురుగా నిలబడితే మాటలు కలుస్తాయి. మాటలు కలిస్తే తాళం సంగతి బయటికి వస్తుంది. రెండేళ్లుగా వాడలో సారు వాళ్లకు చెడ్డపేరు తెచ్చింది నేనేనని అటూ ఇటూ తెలిసిపోతుంది. వాళ్ల ముందు ఒక ముఖం, వీళ్ల ముందు ఒక ముఖం పెట్టుకున్నదాన్ని, ఇద్దరూ ఒక్కచోట చేరితే ఏ ముఖం పెట్టుకోవాలి?

అయినా పెత్రమాసనాడు యారాలి ఇంటికి పోయాను. అరుగు మీద కాళ్లు చాపుకుని మక్కకంకులు ఒలుస్తోంది. నన్ను చూసి చేతిలో కంకి ఆపలేదు.

"ఏందే, తొవ్వ తప్పినవా?"

"నీ దగ్గరికే వచ్చిన అక్కా."

"తోట పెద్దమ్మ నా దగ్గరికొచ్చింది. కూసో మరి. కుర్చీ లేదు మా ఇంట్ల."

కింద కూర్చున్నాను. ఒక కంకి తీసుకుని ఒలవబోతే నా చేతిలోంచి లాక్కుంది. "పని తర్వాత. ముచ్చటేందో చెప్పు."

చెప్పాను. జాకెట్టు గుడ్డల సంగతి కూడా చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె బొటనవేలు గింజల వరుస మీద నడుస్తూనే ఉంది.

"ఆదివారం ఆరో దినం గద."

"ఎరుకే అక్కా."

"ఎరుకుండే ఒప్పుకొని వచ్చినవా! శాబాష్." గింజలు చాటలోకి దులిపింది. "రెండేండ్ల సంది పువ్వుకు గేటు తియ్యని అమ్మ ఇప్పుడు ఆటకు తీస్తదంటనా? మా ఎగురుడు చూడనీకా? సర్కసా ఇది?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. గేటు మూసింది అమ్మ కాదు అక్కా అంటే అయిపోయేది. నేను అన్నది ఇది:

"జర రాండ్రి అక్కా. నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ కోసం అలిగినామెను లేపాల్నా? నేను రాను. ఎవ్వరూ రారు. పోయి మీ అమ్మకు చెప్పు." కాస్త ఆగి, "ఇయ్యాల పెత్రమాస. పొద్దుగూకినంక కుంట కాడికన్నా వస్తవా, ఈసారి గూడ ఆవు ఈనుతదా?" అంది.

నవ్వబోయాను. రాలేదు. లేచి వచ్చేశాను.

గురువారం శంషాబాద్ పోయాను. బెంగుళూరు రోడ్డు మీద, లారీలు ఆగే చోట, ఒక టెలిఫోను బూత్ ఉండేది. సారు నంబరు రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉంది. అప్పటికి నాకు అక్షరాలు రావు. అంకెలు కూడా బస్సు మీద చూసి గుర్తు పట్టేంతవరకే. నంబరు కలపడానికి బూత్‌లో కూర్చునే అతను ఉన్నాడు, అది కష్టం కాదు. బయట బల్ల మీద కూర్చుని మాట కూడబలుక్కున్నాను. "అమ్మా, ఆదివారం కుదరదు. ఆ రోజు బతుకమ్మ అలుగుతుంది." మనసులో అనుకున్నప్పుడు బాగానే ఉంది. పెదవి కదిపి మెల్లగా అనుకుంటే చిన్నపిల్ల చెప్పే మాటలా వినబడింది. పక్కన ప్యాంటు వేసుకున్న ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్లు వింటారనిపించింది. మా అత్త అంత నమ్మకంగా చెప్పిన మాట, అత్తారింటికి పోయిన నా బిడ్డకు నేను చెప్పి పెంచిన మాట, ఆ బల్ల మీద కూర్చుని సిగ్గుపడి మింగేశాను. పసుపు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఈ రాతలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఆ బల్ల. తాళం సంగతి కంటే కూడా. తాళం వేసింది నన్ను ఎవరూ చూడొద్దని. బల్ల మీద సిగ్గుపడింది మా అమ్మల గురించి, అత్తల గురించి.

ఆదివారం రెండు కార్లలో వచ్చారు. అమ్మ, ఆమె కాలనీ ఆడవాళ్లు, పట్టుచీరల్లో. పెద్ద గిన్నెల్లో పులిహోర, దద్దోజనం, గారెలు. సారు టోపీ పెట్టుకుని కొబ్బరి మొక్కల దగ్గరికి పోయాడు. జామచెట్టు కింద తెల్లవారకముందే అలికి ముగ్గు వేశాను. గునుగు కోసి గంపలో పెట్టాను. రేపటికి కోస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

"వస్తున్నారా మీవాళ్లు?" అమ్మ అడిగింది.

"వస్తరమ్మా. పనులు చేసుకొని వస్తరు."

చాప మీద కూర్చున్నారు. ఒకామె గడియారం చూసుకుని, "ప్రోగ్రాం ఎన్నింటికి మొదలవుతుందండీ?" అంది. ఇంకొకామె, "పల్లెటూరి వాళ్లకి టైమేముంటుందండీ, వచ్చినప్పుడే" అంది. అమ్మ వాళ్ల మాటలకు నొచ్చుకున్నట్టు నావైపు చూసి నవ్వింది. ఆ చూపుకు నాకు ఇంకా సిగ్గు వేసింది. ఆమె నాకోసం సర్దుకుంటోంది, నేనేమో ఆమెకు అబద్ధం చెబుతున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. గేటు బోసిగా ఉంది. తాళం ముందే తీసి గడియకు వేలాడదీశాను. అమ్మ మాటిమాటికీ అటే చూస్తోంది. చివరికి, "పోనీ, వాళ్లు వచ్చేలోగా మనం పేర్చడం మొదలుపెడదామా? నువ్వు చూపించు" అని తాంబాలం తెచ్చి నా ముందు పెట్టింది.

కాలనీ ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. నేను ఆముదం ఆకులు పరిచాను. గునుగు కాడలు సమంగా తుంచి గుండ్రంగా మొదటి వరుస పెట్టాను. ఎవరో, "అబ్బ, ఎంత నీటుగా పెడుతోందో" అన్నారు. వేళ్లకు అలవాటు, అవి పని చేసుకుపోతున్నాయి. తంగేడు పువ్వుకు చెయ్యి చాచినప్పుడు గేటు చప్పుడైంది.

నా యారాలు. ఒక్కతే. ఇంట్లో కట్టుకునే చీర, చేతిలో గంప లేదు. చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికి వచ్చింది. రెండేళ్ల తర్వాత ఆమె ఆ నేల మీద కాలు పెట్టడం అదే. నడుస్తూ గట్టు వైపు ఒకసారి చూసింది. తర్వాత తాంబాలం వైపు. తర్వాత నా వైపు.

"రండి రండి," అమ్మ లేచి ఎదురు వెళ్లింది. "మిగతా వాళ్లు వస్తున్నారా?"

"లేదమ్మా. గదే చెప్పి పోదామని వచ్చిన. మీరు ఎదురు చూస్తుంటరని." యారాలు కొంగు భుజం మీదుగా తిప్పుకుంది. "ఇయ్యాల బతుకమ్మ అలిగిన దినం. ఇయ్యాల మేము పేర్చము, ఆడము. రేపటి సంది మళ్ల ఆడుతం. మీ మీద కోపమేం లేదు."

అంతే. బల్ల మీద నేను కూడబలుక్కున్న మాటే. ఆమె నోట్లో అది చిన్నపిల్ల మాటలా లేదు. పొద్దు పొడిచింది అన్నట్టు చెప్పింది.

అమ్మ నవ్వలేదు. "అలిగిందా? అయ్యో, ఎందుకు?" అని అడిగింది. యారాలు నీసు కథ చెప్పింది. కాలనీ ఆడవాళ్లలో ఒకామె, "మా ఊళ్లో గంగానమ్మకి కూడా ఇలాంటి పట్టింపులే ఉంటాయండీ" అంది. అందరూ బుద్ధిగా విన్నారు. ఏ పెదవీ వంకర తిరగలేదు.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది.

"నీకు తెలుసా ఈ సంగతి?"

తల ఊపాను.

"మరి నాకు చెప్పలేదే?"

గొంతులో కోపం లేదు. నిజంగా అడిగింది. నా చేతిలో తంగేడు పువ్వు ఉంది. పెట్టాలో, పారేయాలో తెలియలేదు.

యారాలే మాట మార్చబోయింది. అసలు ఆమె నన్ను కాపాడదామనే మొదలుపెట్టింది. "దాన్ని అంటే ఏమొస్తదమ్మా. మీరు పెద్దోళ్లు, మీ మాటకు ఎదురు చెప్పనీకె భయపడ్డది. అప్పుడు గూడ గంతే గద, మీరు గేటుకు తాళం ఏపిచ్చిన్నాడు. ఎవ్వరినీ రానియ్యద్దన్నరని చెప్తుంటే దాని ముఖం చూడాలె, పాపం."

"తాళమా?" అంది అమ్మ. "నేను ఎవరినీ రానివ్వద్దనలేదే. ఏవండీ, మీరేమైనా అన్నారా?"

సారు కొబ్బరి మొక్కల దగ్గరి నుంచి తల ఎత్తాడు. "ఏమిటి? తాళమా? మేకలు రాకుండా గేటు వేసి ఉంచమన్నాను. పువ్వులు కోసుకుంటే నాకేం, అసలది కలుపేగా!"

దూరంగా రోడ్డు మీద లారీ గేరు మార్చుకుంటున్న చప్పుడు వినిపించింది. యారాలు నన్ను చూసింది. అమ్మ నన్ను చూసింది. కాలనీ ఆడవాళ్లకు ఏమీ అర్థం కాలేదు కానీ వాళ్లు కూడా నన్నే చూశారు. గేటుకు వేలాడుతున్న తాళం అందరికీ కనబడుతోంది. బొడ్డు దగ్గర దోపుకున్న చెవి చర్మానికి గుచ్చుకుంటోంది. భూమి చీలితే బాగుండుననుకుంటారే, నాకలా అనిపించలేదు. ఆ భూమి మాది కాదు కదా, చీలినా అందులోకి దిగే హక్కు నాకు లేదనిపించింది. అప్పుడు కూడా అంత పిచ్చి ఆలోచనే వచ్చింది.

యారాలు ఉన్నట్టుండి నవ్వింది. బిగ్గరగా, నడుము మీద చెయ్యి పెట్టుకుని.

"అలిగింది బతుకమ్మ గాదమ్మా, ఇది! రెండేండ్ల సంది అలిగి తాళమేసుకొని కూసున్నది! బతుకమ్మన్నా ఏడాదికి ఒక్క దినం అలుగుతది."

కాలనీ ఆడవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, నా ముఖం చూస్తూ కొంచెంగా. నేనూ నవ్వాను అనుకుంటా. యారాలు అందరి ముందూ నా అబద్ధానికి అలక అని పేరు పెట్టింది. అది తేలికైన పేరు. ఆమె ఇచ్చింది, నేను తీసుకున్నాను. తిడితే ఆ రోజు అంత తల దించుకుని ఉండేదాన్ని కాదు.

వెళ్లే ముందు ఆమె వంగి నా ముందున్న తాంబాలం పక్కకు జరిపింది. మొదటి వరుస పెట్టి ఉంది కదా. ఆకులతో సహా గునుగును గంపలోకి మెల్లగా దించి, నల్లా దగ్గర తడిపిన గోనెగుడ్డ తెచ్చి మీద కప్పింది. "నీడకు పెట్టు, రేపటికి వాడదు" అంది. అలిగిన దినం పువ్వు పేర్చినవేందే అని అడగలేదు. పులిహోర తినమని అమ్మ బతిమాలితే విస్తరిలో పెట్టించుకుని కొంగు కింద దాచుకుని పోయింది.

సాయంత్రం కారు ఎక్కబోతూ అమ్మ నన్ను పక్కకు పిలిచింది. జాకెట్టు గుడ్డల సంచి నా చేతిలో పెట్టి, "ఇవి మీవాళ్లకి ఇవ్వు. నేను సద్దుల బతుకమ్మ రోజు వస్తాను, అది ఎప్పుడో నువ్వే చెప్పాలి" అంది. తర్వాత మెల్లగా, "చెబితే నేను నవ్వుతాననుకున్నావా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

అదీ అబద్ధమే. ఆమెకు తెలుసు. నా చెయ్యి ఒకసారి నొక్కి కారు ఎక్కింది.

రాత్రి తాళం గడియ నుంచి తీసి లోపల ట్రంకుపెట్టెలో పడేశాను. నా పెనిమిటి చూసి, "కుక్కలు రావా ఇగ?" అన్నాడు. ఆయనకు మొదటి నుంచీ తెలుసునని అప్పుడు అర్థమైంది. వినబడనట్టు గోడ వైపు తిరిగి పడుకున్నాను.

తెల్లారింది. గేటు బార్లా తీసి పెట్టి గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నాను. వస్తారని అనుకోలేదు. వస్తే ఎదురుపడగలనని కూడా అనుకోలేదు. కొద్దిసేపటికి దారి మీద మాటలు వినిపించాయి. కిటికీ సందులోంచి చూశాను. గంపలు. యారాలు ముందు, వెనక మా వాడ ఆడవాళ్లు. గేటు దగ్గర ఎవరూ ఆగలేదు. నేరుగా గట్టు మీదికి పోయారు. పాదాలకు తోవ గుర్తుంది.

మా వాడలో అందరికంటే పెద్దదైన ఒక ముసలమ్మ గట్టు మొదట్లో నిలబడి, "ఓయమ్మో, మీ అత్త ఉన్నప్పుడు గింత ఏపుగ లేకుండె గదనే. సారు నీళ్లు గునుగే తాగుతున్నట్టుంది, కొబ్బరిచెట్లు కాదు" అని అరిచింది. అందరూ ఒక్కసారి నవ్వారు. నేను తలుపు వెనకే ఉన్నాను.

వాళ్లు నా సంగతి మాట్లాడుకుంటారని చెవులు రిక్కించాను. మాట్లాడుకోలేదు. కోడలి కాన్పు, బియ్యం షాపు, కొత్తూరు కంపెనీలో పనికి కుదిరిన కొడుకు. నా తాళం కంటే వాళ్లకు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఊరంతా వేడివేడిగా వినే ఉంటుంది, యారాలు దాచే మనిషి కాదు. కానీ ఆ పొద్దున ఎవరూ ఎత్తలేదు.

"ఏమే!" యారాలి గొంతు. "ఇంట్లనే ఉన్నవా, మళ్ల అలిగినవా? జర కొడవలి తెచ్చియ్యి. ఈ కాడలు చేతికి తెగుతలేవు."

అందరి గంపల్లోనూ కొడవళ్లు ఉన్నాయి. కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉన్నాయి.

చూరులోంచి కొడవలి తీసి బయటికి వచ్చాను. నీడలో పెట్టిన గంప కూడా తీసుకున్నాను. గోనెగుడ్డ కింద గునుగు నిజంగానే వాడలేదు. గట్టు దాకా నడిచినంతసేపూ నా కాళ్లనే చూసుకున్నాను. దగ్గరికి పోయి కొడవలి పిడి ఆమె వైపు పెట్టి అందించాను. తీసుకోలేదు. తన గంపను కాలితో నా వైపు జరిపింది.

"నువ్వే కొయ్యి. నాకు నడుం పట్టింది" అంది.

ఆ సాయంత్రం కుంట దగ్గరికి పోయాను. ఆఖరి రోజు, సద్దులనాడు, అమ్మ కూడా వచ్చింది, ఆమె పేర్చిన బతుకమ్మ ఒక పక్కకు ఒరిగిపోతే యారాలు పుల్ల గుచ్చి నిలబెట్టింది. వరుసలో నాకు చోటు ఇచ్చారు. చప్పట్లు కలిశాయి కానీ పాట మాత్రం చాలా రోజులు గొంతు దాటి రాలేదు. తర్వాత చాలా ఏళ్లకు సారు ఆ తోట అమ్ముకున్నాడు. విమానాలు వచ్చాయి. గట్టు ఉన్న చోట ఇప్పుడు ఏదో గోదాము ఉంది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ గోదాము లేచే రోజుల్లోనే, మా మనవరాలి పలక మీద.

కానీ ఆ పొద్దున్నే గుర్తుంది. కొడవలి పట్టుకుని వంగాను. మంచుకు తడిసిన కాడలు మెత్తగా తెగుతున్నాయి. ఒకటి, ఇంకొకటి, గుప్పెడు నిండితే గంపలోకి. తల ఎత్తమని ఎవరూ అనలేదు. వంగి కోస్తుంటే మనిషి ముఖం ఎవరికీ కనబడదు. గట్టు చివర దాకా అలాగే కోసుకుంటూ పోయాను.